బీఈడీ గైడులో ఫ్రాయిడ్, పెరట్లో అత్తగారు

ప్రశ్న: ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక తల్లి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. ఆవిడ పుట్టిల్లు టెక్కలి. బీఈడీ చేశారు, ఇప్పుడు టెట్‌కి చదువుతున్నారు. బాబుకి మూడేళ్ల రెండు నెలలు, పాపకి ఐదు నెలలు.

బాబుకి ఆరో నెల వచ్చిన దగ్గర్నుంచి ఒంటికి, రెంటికి కూర్చోవడం అత్తగారే అలవాటు చేశారట. పొద్దున్నే పెరట్లో పీట వేసుకుని, రెండు పాదాలూ దగ్గరగా పెట్టి, వాటి మీద వాణ్ణి కూర్చోబెట్టి "ఉస్స్... ఉస్స్" అనేవారు. రెండేళ్లు నిండేసరికి వాడే చెప్పి వెళ్లేవాడు. ఈవిడ రెండో కాన్పుకి టెక్కలి వెళ్లి ఐదు నెలలున్నారు. అక్కడ చూసుకునేవాళ్లు లేక బాబుకి మళ్లీ డైపర్లు వేశారు. తిరిగొచ్చిన వారానికే ఒక ప్లేస్కూల్లో వేశారు. ఇంట్లో అంతా తెలుగు, అక్కడ అంతా ఒడియా. ఒకరోజు నిక్కర్లోనే అయిపోతే అక్కడి ఆయా మిగతా పిల్లల ముందు నిలబెట్టి "ఛీ ఛీ" అందట.

అప్పట్నుంచి వాడు రెంటికి వెళ్లకుండా బిగబట్టేస్తున్నాడు. నాలుగు రోజులు, ఒక్కోసారి ఐదు రోజులు. బీరువా పక్కన కాళ్లు మెలేసుకుని నిలబడతాడు, మొహం ఎర్రబడుతుంది, "వస్తోందా నాన్నా" అంటే "లేదు" అంటాడు. మధ్యమధ్యలో నిక్కరుకి మరకలు. విరేచనం అవుతుందని అత్తగారు తమలపాకు కాడకి ఆముదం రాసి మలద్వారంలో రెండుసార్లు పెట్టారు. ఇప్పుడు పెరటి గుమ్మం వైపు తీసుకెళ్తేనే ఏడుపు.

ఉత్తరం బరువంతా ఆఖరి మూడు పేజీల్లో ఉంది. "గుద దశలో, అంటే మలం అదుపు నేర్చుకునే వయసులో, కఠినంగా శిక్షణ ఇస్తే పిసినారితనం, మొండితనం, అతిశుభ్రత వస్తాయని మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ చెప్పాడని చదువుకున్నాను. మావారు అచ్చం అంతే. రూపాయి బిళ్లలు ఒక డబ్బాలో, రెండ్రూపాయలవి ఇంకో డబ్బాలో. పేపరు మడత నలిగితే చికాకు. ఆయన్ని అలా చేసింది అత్తగారే, ఇప్పుడు నా కొడుకునీ చేస్తున్నారు" అని రాశారు. ఆ మాట అత్తగారి మొహానే అన్నారు. "ముగ్గుర్ని పెంచాను, డైపరన్న మాట ఎరగను" అని ఆవిడ నాలుగు రోజులుగా ఈవిడ వడ్డిస్తే తినడం లేదు. భర్త ఏమీ మాట్లాడరు. పోయిన వారం ఈవిడే బాబుని ఒక దెబ్బ కూడా వేశారట. "వాడి వ్యక్తిత్వం పాడైపోయినట్టేనా? అత్తగారి చేతికి ఇవ్వకూడదా? స్కూలు మాన్పించాలా?" అని అడిగారు. ఆఖర్న, సంతకం కింద చిన్న అక్షరాలతో ఇంకో రెండు వాక్యాలున్నాయి. వాటి దగ్గరికి చివర్న వస్తాను.

జవాబు: అమ్మా, ముందు ఫ్రాయిడ్‌ని కాసేపు అరుగు మీద కూర్చోబెడదాం. ఆయనకి తొందరేం లేదు. మీ బాబు పొట్టకి ఉంది.

మీరు రాసిన లక్షణాలు చూస్తే ఇది మొండితనం కంటే నొప్పి భయంలా కనిపిస్తోంది. ఎప్పుడో ఒకసారి గట్టిగా వచ్చి నొప్పి పుడుతుంది. పిల్లాడికి అది గుర్తుండిపోతుంది. మళ్లీ వచ్చినప్పుడు బిగబడతాడు. లోపల ఆగిన కొద్దీ నీరంతా పేగు పీల్చేసుకుంటుంది, అది ఇంకా గట్టిపడుతుంది, ఇంకా లావవుతుంది. తర్వాత వెళ్లినప్పుడు నొప్పి ఇంకా ఎక్కువ. ఇలా తిరుగుతూనే ఉంటుంది. బీరువా పక్కన కాళ్లు మెలేసుకుని నిలబడ్డాడంటే ముక్కుతున్నాడని మీరు అనుకుంటున్నారు. నిజానికి చాలామంది పిల్లలు అప్పుడు బయటికి రాకుండా ఆపుకుంటూ ఉంటారు. మరకల సంగతీ అంతే. పెద్ద గడ్డ అడ్డం పడి ఉంటే దాని పక్కల నుంచి పల్చగా కారుతుంది. పేగు సాగిపోయి ఉంటుంది కాబట్టి కారినట్టు వాడికి తెలియను కూడా తెలియదు. "లేదు" అన్నది అబద్ధం కాకపోవచ్చు. ఆ మరక చూసి మీరు దెబ్బ వేసి ఉంటే, వాడికి అది ఎందుకో అర్థమై ఉండదు.

కాబట్టి పిల్లల డాక్టరుకి చూపించండి, ఈ వారమే. మీ ఊళ్లో జిల్లా ఆస్పత్రి ఉంది, అవసరమైతే బరంపురం ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది, సరిహద్దు దాటి ఇటు రావాలనుకుంటే శ్రీకాకుళం ఉంది. మలం మెత్తబడే సిరప్పు ఇస్తారు. చాలామంది తల్లులు రెండు రోజులు బాగా వెళ్లగానే ఆపేస్తారు, అది మళ్లీ మొదటికొస్తుంది. సాగిన పేగు మామూలు కావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఎన్నాళ్లు వాడాలో డాక్టరునే చెప్పనివ్వండి. రక్తం పడినా, పొట్ట ఉబ్బినా, వాంతులైనా, బరువు పెరగకపోయినా ఆ మాట ముందే చెప్పండి. వాడు పుట్టినప్పుడు మొదటి విరేచనం రెండు రోజుల్లోగా అయిందో లేదో అత్తగారికి గుర్తుండే ఉంటుంది, అదీ అడిగి వెళ్లండి. రోజుకి నాలుగైదు గ్లాసుల పాలు తాగుతాడని మురిపెంగా రాశారు. అది అర లీటరు దాటకుండా చూడండి. పాలతో కడుపు నిండిపోతే జామపండు, బొప్పాయి, తోటకూర పప్పు ఎక్కడ పడతాయి?

ఆ తమలపాకు కాడ మాత్రం ఇవాళ్టి నుంచే ఆగిపోవాలి. మా అమ్మమ్మా చేసింది, మీ అమ్మమ్మా చేసే ఉంటుంది. ఆవిడ మంచికే చేశారు, సందేహం లేదు. కానీ నొప్పికి భయపడి మూసుకున్న తలుపుని బయట నుంచి తెరిస్తే వాడు రెండోసారి ఇంకా గట్టిగా మూసుకుంటాడు. పెరటి గుమ్మం అంటే ఏడుపు ఎందుకో దీంతోనే తెలుస్తోంది.

ఇప్పుడు ఫ్రాయిడ్‌ని లోపలికి పిలుద్దాం.

మీ గైడులో ఉన్నది ఆయన మాటలకి కుదింపు. బిట్టు పేపర్లో ఒక మార్కు తెచ్చుకోవడానికి అది చాలు, ఇంట్లో తీర్పు చెప్పడానికి చాలదు. 1905లో అచ్చయిన పుస్తకంలోనూ, తర్వాత దానికి కలిపిన పేజీల్లోనూ ఆయన చెప్పింది ముందు వినండి. పసివాడు పెద్దవాళ్లు కూర్చోబెట్టినప్పుడు వెళ్లకుండా తనకి బుద్ధి పుట్టినప్పుడు వెళ్లడంలో ఒక సుఖం ఉంది. వాడికి అది మురికి కాదు, తన ఒంట్లోంచి వచ్చిన ముక్క, తనవాళ్లకి ఇచ్చే మొదటి కానుక. ఇస్తే మాట విన్నట్టు, ఇవ్వకపోతే ఎదురు తిరిగినట్టు. 1908లో ఇంకో చిన్న వ్యాసం రాశాడు. ఒద్దిక, పొదుపు, మొండితనం అనే మూడు గుణాలు కొందరిలో కలిసే ఉంటున్నాయని, వాళ్లు చిన్నప్పుడు ఈ అదుపు నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టినట్టుందని. దానికి ఆయన చూపించిన కారణం ఏమిటో తెలుసా? పుట్టుకతోనే వాళ్ల శరీర తత్వంలో ఆ భాగపు సుఖం బలంగా ఉండటం. తల్లి కఠినంగా ఉండటం అని కాదు. "కఠిన శిక్షణ" అనే మాటకి బరువు పెరిగింది తర్వాత వచ్చినవాళ్ల రాతల్లో. గైడులకి చేరేసరికి అది సూత్రమైపోయింది: తల్లి గట్టిది, కొడుకు పిసినారి.

ఈ సూత్రాన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. 1957లో హల్లా బెలోఫ్ అనే పరిశోధకురాలు విద్యార్థుల మీద చూసింది. ఆ గుణాలు కలిసి ఉండటం నిజమే. కానీ మరుగు శిక్షణ ఎప్పుడు జరిగిందన్న దానికీ వాటికీ సంబంధం దొరకలేదు. తల్లిలో ఆ గుణాలు ఎంత ఉన్నాయన్న దానికీ పిల్లల్లో ఉన్నవాటికీ మాత్రం దొరికింది. మీ ఇంట్లో చూడండి. మీవారు చిల్లర డబ్బాలు పెట్టుకోవడం అత్తగారి పాదాల మీద కూర్చున్నందుకు కాకపోవచ్చు. ఆవిడ పోపులపెట్టె సర్దే తీరు ముప్ఫై ఏళ్లు చూసినందుకు కావచ్చు. ఇంకా పెద్ద బోల్తా ఒకటుంది. 1943లో జెఫ్రీ గోరర్ అనే ఆయన జపాను ప్రజల స్వభావాన్నంతటినీ వాళ్ల పిల్లల మరుగు శిక్షణతో వివరించబోయాడు. తర్వాత తెలిసినవాళ్లు చూస్తే అక్కడి శిక్షణ ఆయన అనుకున్నంత కఠినమే కాదు. ఒక దేశం విషయంలోనే అలా అయితే, రెండు చిల్లర డబ్బాల మీద మనం ఎంత కట్టగలం?

అయితే ఫ్రాయిడ్ పనికిరాడని నేను అనడం లేదు. ఆ కానుక మాటలో నాకు చాలా నిజం కనిపిస్తుంది. పిల్లాడి చేతిలో ఏముంది చెప్పండి. ఎక్కడ ఉండాలో మీరు చెప్తారు, ఏ భాషలో మాట్లాడాలో స్కూలు చెప్తుంది, అమ్మ ఒడిలోకి ఇంకొకరు వచ్చేశారు. ఇవ్వడమో ఇవ్వకపోవడమో వాడి చేతిలో ఉన్నది ఇదొక్కటే. ఈ దశ గురించి మీరు చదివిన ఇంకో పేరు ఎరిక్ ఎరిక్సన్. 1950లో వచ్చిన పుస్తకంలో ఆయన ఈ దశని పెద్ద చేసి చూపించాడు. ఒకటిన్నర నుంచి మూడేళ్ల మధ్య పిల్లాడు తేల్చుకునేది "నా ఒళ్లు నా మాట వింటుందా, లేక నేను సిగ్గుపడాల్సినవాణ్ణా" అన్నది. మీ గైడులో "స్వయం ప్రతిపత్తి, సిగ్గు, సందేహం" అని ఉంటుంది. ఆ రోజు ఆయా నిలబెట్టినప్పుడు మీవాడికి తగిలింది ఆ రెండో మాటే.

ఇంకోటి కూడా జరిగి ఉంటుందని నా అనుమానం. మీవాడికి ఇంట్లో "ఒంటికి", "రెంటికి" అని నేర్పారు. స్కూల్లో "పరిస్రా" అంటారు, "ఝాడా" అంటారు. వాడు "రెంటికి" అని చెప్పే ఉంటాడు, ఎవరికీ అర్థమై ఉండదు. "ఛీ" మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే, అది బాగా అర్థమైంది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మీది. పిల్లలకి వాళ్ల ఇంటి మాటలో చెప్పాలని, సవర గిరిజన పిల్లలకి సవర భాషలోనే చెప్పాలని ఆయన కొట్లాడింది అక్కడే. పద్యాలూ లెక్కలే కాదు, రెంటికి వెళ్లడానికీ పిల్లాడికి అర్థమయ్యే మాట కావాలి కదా.

స్కూలు మాన్పించాలా అన్నారు. మాన్పిస్తే టెన్షన్ వెంటనే తగ్గుతుంది, ఇంట్లో బిగబట్టడమూ తగ్గొచ్చు. మళ్లీ పంపినప్పుడు మొదటి రోజు భయం మాత్రం అలాగే కాచుకుని ఉంటుంది. మాన్పించకపోతే ఎవరో ఒకరు వెళ్లి మాట్లాడాలి. మీవారి ఒడియా మీకంటే బాగుంటుందని రాశారు కాబట్టి ఆయన్ని పంపండి. ఆయన మాట్లాడాల్సిన చోటు ఇది. పోట్లాటగా కాదు. పిల్లాడు ఏ మాట వాడతాడో చెప్పి, ఒక జత నిక్కర్లు అక్కడ పెట్టి, అయిపోతే పక్కకి తీసుకెళ్లి మార్చమని అడగాలి. ఆ ఆయా చేసినది తప్పని కూడా మెల్లగా చెప్పాలి. మాట వినని చోటైతే అప్పుడు మార్చండి. రెండు మూడు వారాలు సగం పూటే పంపడం ఇంకో దారి. పొద్దున పలహారం తిన్న అరగంటలోపు పేగు కదిలే వేళ, ఆ సమయం ఇంట్లోనే గడుస్తుంది. నాకైతే ఇదే నచ్చింది, కానీ మీ టెట్ చదువుకి అది ఇబ్బంది. ఆ లెక్క మీరే చూసుకోండి.

ఇంట్లో ఏం చేయాలన్నదానికీ రెండు దారులున్నాయి. ఒకటి, రెంటికి మాత్రం కొన్నాళ్లు మళ్లీ డైపరు ఇవ్వడం. "వెనక్కి వెళ్లిపోయినట్టు" అని మీకు, "చెప్పానా" అని అత్తగారికి అనిపిస్తుంది. కానీ బిగబట్టే పిల్లాడికి ఎక్కడ వెళ్లాడన్నది రెండో సంగతి, వెళ్లడమే ముందు. నొప్పి లేకుండా పది పదిహేనుసార్లు వెళ్లాక ఆ డైపరునే బాత్రూంలో వేయడం, తర్వాత డైపరుతోనే అక్కడ కూర్చుని వెళ్లడం, ఇలా మెల్లగా జరుపుకోవచ్చు. నెలలు పట్టే అవకాశం ఉంది. రెండోది, డైపరు లేకుండా రోజుకి రెండుసార్లు, తిన్న తర్వాత, ఐదు నిమిషాలు కూర్చోబెట్టడం. వచ్చినా రాకపోయినా ఐదు నిమిషాలకి లేపేయాలి. ఇది తొందరగా పనిచేస్తుంది, కానీ ఇంట్లో ఎవరికి ఓపిక తప్పినా మళ్లీ అది లాగులాటే. మీ పెద్ద బేసిను మీద వాడి కాళ్లు సరిగా ఆనవు, పడిపోతానని భయపడతాడు. పెరట్లో పాత పేపరు పరిచి, కాళ్లు రెండూ నేలకి ఆనేలా గొంతుక్కూర్చోనిస్తే చాలు. పేపరు పాతదో కాదో మీవారిని అడిగి తీసుకోండి!

మీవాడికి మూడేళ్లు దాటాయని కంగారు పడుతున్నారు. అమెరికాలో బ్రేజల్టన్ అనే పిల్లల డాక్టరు పిల్లలు సిద్ధమయ్యేదాకా ఆగే పద్ధతిలో 1,170 మందిని చూసి 1962లో రాశాడు. పగటి అదుపు సగటున రెండేళ్ల నాలుగున్నర నెలలకి వచ్చింది. సగటు అంటే ముందూ ఉంటారు, వెనకా ఉంటారు. మీవాడు ఒకసారి నేర్చుకున్నవాడు కూడా. చెల్లెలు పుట్టాక పిల్లలు కొంత వెనక్కి జారడం మామూలే.

ఇక అత్తగారు. ఇక్కడ మీకు కొంచెం కష్టంగా ఉండే మాట ఒకటి చెప్పాలి. మీరు ఫ్రాయిడ్‌ని బాబు కోసం కాదు, ఆవిడ మీద వాడారు. "మీరే మీ కొడుకుని ఇలా చేశారు" అన్న మాట చికిత్స కాదు, నేరారోపణ. దానికి ఆవిడ ఇవ్వగలిగిన జవాబు అన్నం మానేయడం. గమనించారా, ఆవిడా బిగబట్టేశారు. ఇంట్లో ముగ్గురు బిగబట్టుకుని కూర్చున్నారు, మీవారితో కలిపి.

ఆవిడ పాదాల పద్ధతి కఠిన శిక్షణ కాదు. బిడ్డ ఒంటికి ఒరిగి కూర్చుంటుంది, ఒక చప్పుడు, ఒక వేళ. తిట్టు లేదు, దెబ్బ లేదు. మన ఇళ్లలో ఈ విషయంలో పిల్లల మీద ఒత్తిడి తక్కువని, మెల్లగా అలవాటవుతుందని సుధీర్ కక్కర్ 1978లో వచ్చిన పుస్తకంలో రాశారు, ఆయన కూడా మనోవిశ్లేషకుడే. 1930ల నాటికి అమెరికాలో తల్లులకి పంచిన సర్కారు పుస్తకాల్లో నెలల పిల్లల్ని గడియారం చూసి కూర్చోబెట్టమని ఉండేది. మీ అత్తగారితో పోలిస్తే అది మిలటరీ. వద్దన్నది ఆ కాడ ఒక్కటే, పాదాలు కాదు.

మీ ఉత్తరంలో నాలుగో పేజీలో ఒక సంగతి రాసి దాటిపోయారు. ఇప్పుడు అత్తగారు పాపని అదే పీట మీద, అవే పాదాల మీద కూర్చోబెడుతున్నారు. బాబు గుమ్మం పట్టుకుని చూస్తూ ఉంటాడు. ఒకసారి వచ్చి పక్కన కూర్చోబోతే ఆవిడ "నువ్వు పెద్దోడివి కదరా" అన్నారు. వాడి చోటు పోయింది, గమనించండి.

బాబుని ఆవిడకి దూరం పెడితే వాడు ఇంకో మనిషిని పోగొట్టుకుంటాడు. మీకూ పగలంతా సాయం పోతుంది, పాప పనీ మీ మీదే పడుతుంది. ఏమీ అనకుండా పాత పద్ధతికే వదిలేస్తే కాడ మళ్లీ వస్తుంది. మధ్యలో ఒక దారి ఉంది, దానికి ముందు మీరు వెళ్లి "అత్తయ్యా, మీ అబ్బాయి గురించి ఆ మాట అనకూడదు, తప్పయింది" అనాలి. తర్వాతే డాక్టరు చెప్పింది చెప్పండి, వీలైతే ఆవిణ్ణి కూడా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కాడ వద్దని మీరంటే కోడలి మాట, డాక్టరంటే వైద్యం. ఇంకోటి అడగండి: పాపని కూర్చోబెట్టేటప్పుడు ఆ "ఉస్స్" అనే పని బాబుకి ఇమ్మని. పెద్దోడిని చేయాలంటే పెద్దోడి ఉద్యోగం ఇవ్వాలి కదా.

మీవారి గురించి ఎక్కువ చెప్పను. ఆయన ఉత్తరం రాయలేదు. చిల్లర వేరుగా పెట్టుకునేవాళ్లకి జబ్బు పేరు పెట్టక్కర్లేదు. ఆ అలవాటు ఆయన్నీ మిమ్మల్నీ నలిపేస్తుంటే, అది వేరే ఉత్తరం.

దెబ్బ సంగతి. ఒక దెబ్బతో వ్యక్తిత్వం తయారవదు, ఒక ముద్దుతో కూడా అవదు. వాడికి చెప్పండి: "ఆ రోజు కొట్టాను, కొట్టకూడదు, నీ తప్పేం లేదు." మూడేళ్లవాడికి అర్థమవుతుంది.

ఇక సంతకం కింద రాసిన ఆ రెండు వాక్యాలు. "మొన్న మంగళవారం తులసికోట వెనక వాడే కూర్చుని వెళ్లాడు, నన్ను చూడమని పిలిచాడు. నేను ఛీ, అక్కడా అన్నాను." ఐదు రోజుల తర్వాత ఎవరూ కూర్చోబెట్టకుండా, ఎవరూ కాడ పెట్టకుండా వెళ్లాడు. తులసికోట దగ్గరని మీకు కోపం వచ్చింది, అర్థమైంది, నాకూ వచ్చేదే. కానీ వాడు మిమ్మల్ని పిలిచాడు చూడండి. మళ్లీ పిలుస్తాడు. పిలిస్తే చేతిలో పని వదిలి వెళ్లండి, చూడండి, "వెళ్లిపోయిందా? నొప్పి పుట్టలేదా?" అని అడగండి. కడిగాక, ఈసారి పేపరు ఎక్కడ వేద్దామో చోటు వాణ్ణే చూపించమనండి.